మార్తమ్మ గారి పాటల పుస్తకంలో రెండు వేగాలు

అయినా నాలుగేళ్ల ఉద్యోగానికి రిటైర్మెంట్ ఏమిటని నవ్వేవాళ్లు ముందు ఆ వ్యాన్‌తో ఒక్క వర్షాకాలం కోనసీమ అంతా తిరిగి రావాలి. తర్వాత నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. నాకు ముందున్నాయన నాలుగు నెలలు చేశాడు. ఆయనకు ముందున్నాయన నాలుగు రోజులు. ఆ లెక్కన నాది నిండు సర్వీసు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు, జుట్టు నెరవలేదు, పింఛను లేదు. కానీ వెళ్లేటప్పుడు శాలువా కప్పారు. శాలువా కప్పాక అది రిటైర్మెంటే.

ఆ వ్యాన్ తాళం రేపు ఎవరి చేతికి వస్తుందో నాకు తెలియదు. ఎవరైనా సరే, వాళ్ల కోసమే ఇదంతా ఫోన్‌లో బొటనవేలితో రాస్తున్నాను. జీతం గురించి, సెలవుల గురించి రాయను. అవి ఎలాగూ మొదటి వారంలోనే అర్థమవుతాయి. ఎవరూ చెప్పనివి మాత్రమే రాస్తాను.

ఉద్యోగం ఇది. ఒక చిన్న సంస్థ, దానికొక సైన్స్ వ్యాన్. అందులో గాలి ఊదితే లేచే గుడారం, ఒక ప్రొజెక్టర్, కొన్ని బొమ్మలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు బళ్లకు వెళ్లి పిల్లల్ని గుడారంలో కూర్చోబెట్టి నలభై నిమిషాలు ఆకాశం గురించి చెప్పాలి. నా అంశం, విమానం ఎంత ఎత్తు, ఎంత వేగంతో వెళ్తుంది, అంతరిక్ష నౌక ఎంత వెళ్తుంది. నేను కూకట్‌పల్లిలో పుట్టి పెరిగాను. ఫిజిక్స్ డిగ్రీ ఉంది, చేతిలో ఎప్పుడూ ఫోన్ ఉంటుంది. ఒక్కటి మాత్రం లేదు. నేను జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

జానెడు ఆకాశం

వ్యాన్‌తో పాటు మీకు ఒక ఫ్లెక్సీ అప్పగిస్తారు. అందులో కింద నేల, జానెడు పైన విమానం, ఇంకో జానెడు పైన అంతరిక్ష కేంద్రం ఉంటాయి. విమానం రెక్క మీద నిలబడి చెయ్యి చాపితే వ్యోమగామికి షేక్‌హ్యాండ్ ఇవ్వొచ్చు, అంత దగ్గర. ఆ ఫ్లెక్సీ పట్టుకుని నేను మొదటి ఏడాదంతా పాఠం చెప్పాను. గర్వంగానే చెప్పాను.

నిజం ఏమిటంటే, ప్రయాణికుల విమానం పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. అంతరిక్ష కేంద్రం నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. ఫ్లెక్సీలో విమానం జానెడు ఎత్తులో ఉంటే, కేంద్రాన్ని పక్కనున్న కొబ్బరిచెట్టు మొవ్వులో అతికించాలి. ఈ సంగతి నాకు హైదరాబాద్ బస్సులో తట్టింది. అమలాపురం నుంచి హైదరాబాద్‌కి తిన్నగా గీత గీస్తే ఇంచుమించు నాలుగు వందలే. అంటే అంతరిక్ష కేంద్రం మా ఇంటంత దూరం.

అప్పటి నుంచి ఫ్లెక్సీ చుట్టేసి పిల్లలకి ఇలా చెప్పేదాన్ని. ఈ రోడ్డుని నిట్టనిలువుగా నిలబెట్టండి. ప్రయాణికుల విమానం పి.గన్నవరం దగ్గర ఆగిపోతుంది. ఎంత గొప్ప యుద్ధ విమానమైనా రాజోలు దాకా వెళ్లేసరికి ఆయాసపడుతుంది. ఎందుకంటే రెక్కకి గాలి కావాలి, ఇంజిన్‌కీ గాలి కావాలి, పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడిపోతుంది. ఏలూరు దగ్గరికి వస్తే అంతరిక్షం మొదలు. అక్కడి నుంచి రాకెట్ ఒక్కటే పోతుంది, అది తన ఆక్సిజన్ తనే మోసుకెళ్తుంది కాబట్టి. ఇక వేగం. విమానం సెకనుకి పావు కిలోమీటరు పోతుంది. అంతరిక్ష కేంద్రం దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. మనం అమలాపురంలో బస్సెక్కి రాజోల్లో దిగి టీ తాగేలోపు అది భూమిని ఒకసారి చుట్టేసి వచ్చేస్తుంది. బస్సు ఆలస్యమైతే రెండోసారి కూడా.

ఈ రోడ్డు లెక్క మీకు వదిలి వెళ్తున్నాను, వాడుకోండి. ఫ్లెక్సీ మాత్రం వ్యాన్ కడగడానికి పనికొస్తుంది.

ఆయ్

మొదటి ఏడాది ఆ తప్పుడు ఫ్లెక్సీని ఒక్కరైనా ఎందుకు ప్రశ్నించలేదని మీకు అనుమానం రావాలి. వచ్చిందా? నాకు రాలేదు.

ఇక్కడివాళ్లు మీరు ఏం చెప్పినా “ఆయ్” అంటారు. నేను దాన్ని “అర్థమైంది” అనుకున్నాను. ప్రతి వాక్యానికీ రెండొందల మంది పిల్లలు, వెనక పది మంది టీచర్లు ఆయ్ అంటుంటే నా అంత గొప్ప బోధకురాలు తూర్పు తీరంలో లేదనిపించింది. కొత్తపేట దగ్గర ఒక బడిలో అనుమానం వచ్చి పరీక్ష పెట్టాను. మైకులో చాలా గంభీరంగా, “కాబట్టి చంద్రుడు మనకి కాకినాడ కంటే దగ్గర” అన్నాను.

హాలంతా ఆయ్ అంది.

తర్వాత హెడ్మాస్టర్ గారిని పక్కకి పిలిచి అడిగాను. “సార్, చంద్రుడు కాకినాడ కంటే దగ్గరా?”

“ఎక్కడండీ, లక్షల కిలోమీటర్లు కదండీ.”

“మరి అప్పుడు ఎందుకు అనలేదు?”

ఆయన నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశారు. “మీరు పనిగట్టుకుని మా ఊరొచ్చేరు. మైకు మీ చేతిలో ఉంది. అలాంటప్పుడు కాదంటే ఏం బాగుంటదండీ?”

నేను పెరిగిన చోట ఆటో మీటర్ దగ్గర్నుంచి ఆత్మ దాకా అన్నిటికీ కాదంటారు. ఇక్కడ మర్యాద అనే పరుపు మీద మీ తప్పు హాయిగా పడుకుంటుంది. దాన్ని మీరే లేపాలి. ఇంకెవరూ లేపరు.

ఈ పాఠం నేర్చుకున్నాను అనుకున్నాను. మూడో ఏడు చలికాలంలో తేలింది, ఏం నేర్చుకోలేదని.

ఎస్తేరు టేబుల్ ఫ్యాను

రాజోలు అవతల ఒక హైస్కూలు. ఆ రోజు నేను పాఠం చెప్పడానికి కాదు, జడ్జిగా వెళ్లాను. పిల్లలు చేసిన నమూనాల్లో ఒకదాన్ని ఎంచి జిల్లా ప్రదర్శనకి పంపాలి. అలా ఎంపికైన పిల్లల్ని మా సంస్థ బస్సులో శ్రీహరికోట తీసుకెళ్లి రాకెట్ ప్రయోగం చూపిస్తుంది. ఒక బడికి ఒక సీటు. అంతే.

తొమ్మిదో తరగతి ఎస్తేరు ఒక టేబుల్ ఫ్యాను పెట్టింది. ఫ్యాను ముందు దారం కట్టి, దాని మీద అట్టముక్క విమానాన్ని రబ్బరు బ్యాండుతో వదిలేది. గాలికి ఎదురుగా వదిలితే మెల్లగా పోయేది, గాలి వాటున వదిలితే రయ్యిమని పోయేది. పక్కన చార్టు మీద పెద్ద అక్షరాలతో, “కువైట్ వెళ్లేటప్పుడు గంటకి 790 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు 1010 కిలోమీటర్లు. విమానానికి గాలి కావాలి, అందుకే గాలి మాట వింటుంది. రాకెట్‌కి గాలి అక్కర్లేదు, అందుకే వినదు” అని రాసింది.

ఇప్పుడు చదువుతుంటే మీకు ఒళ్లు పులకరిస్తోంది కదా. నాకు అప్పుడు ఒళ్లు మండింది.

“ఈ అంకెలు ఎక్కడివి?” అన్నాను.

“మా అమ్మ రాసుకుందండి.”

వాళ్లమ్మ మార్తమ్మ గారు. తొమ్మిదేళ్లు కువైట్‌లో ఒకరింట్లో పనిచేసి వచ్చి, ఇప్పుడు అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతున్నారు. అప్పుడు గరిటె పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు.

“సీటు ముందు చిన్న టీవీ ఉంటదండీ, దాంట్లో పడతాయండి” అన్నారావిడ.

నేను మైకు పట్టుకుని ఉన్నాను. నాకు మైకు ఇవ్వడమే పొరపాటు. “చూడండి పిల్లలూ, ఒకే విమానం, ఒకే ఇంజిన్, వేగం తొమ్మిది వందలు. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఎలా ఉంటుంది? సైన్స్‌లో కొలతలు జాగ్రత్తగా చూసి రాసుకోవాలి. ఇంట్లోవాళ్లు చెప్పింది రాసేస్తే అది సైన్స్ కాదు” అన్నాను.

“ఆయ్ మేడం” అంది ఎస్తేరు. చార్టు అంచు పట్టుకున్న వేళ్లు మాత్రం వదల్లేదు.

“మేం చదువుకోనోళ్లం కదండీ. పొరపాటే అయ్యుంటదండి” అని మార్తమ్మ గారు వంటగదిలోకి వెళ్లిపోయారు.

సీటు అగ్నిపర్వతానికి ఇచ్చాను. బేకింగ్ సోడా, ఎర్ర రంగు. ప్రతి బడిలో ఒకటి ఉంటుంది, ప్రతి జడ్జీ దానికే ఇస్తాడు. నేను వేరే ఎందుకవ్వాలి?

పంటు మీద

నాలుగు రోజుల తర్వాత నరసాపురంలో ఒక కార్యక్రమం ఉంది. సఖినేటిపల్లి రేవులో వ్యాన్‌ని పంటు మీద ఎక్కించి అవతలి ఒడ్డుకి పోతున్నాం. పంటు అంటే బండ్లని, మనుషుల్ని ఏరు దాటించే బల్లపరుపు పడవ. నేను యథాప్రకారం ఫోన్ చూస్తున్నాను. విమానాలు ఎక్కడ ఎగురుతున్నాయో చూపించే యాప్ ఒకటుంది. ఊరికే కువైట్ విమానం మీద నొక్కాను. హైదరాబాద్ వైపు వస్తోంది, గంటకి 1,020. ఎదురుగా ఇంకోటి అటు వెళ్తోంది, 785.

యాప్ పాడైందనుకుని మూసి తెరిచాను. అవే అంకెలు.

మా డ్రైవర్ సత్తిబాబు గారు అంతకుముందు లాంచీ మీద పనిచేసినాయన. నా మొహం చూసి “ఏవైందండీ” అన్నారు. చెప్పాను.

ఆయనకి ఆశ్చర్యం ఏమీ కలగలేదు. “ఏరు లాంటిదేనేమోనండీ. లాంచీ ఇంజిను ఎప్పుడూ ఒకలాగే తిరుగుతదండి. ఎదురు వెళ్తే నీరు ఎనక్కి లాగుద్ది, వాలుకి వస్తే మోసుకొచ్చేస్తది. ఒడ్డు మీద నిలబడి చూసేవాడికి రెండు వేగాలేనండి.”

అంతే విషయం. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి గాలి ఏరులా పారుతుంది. చలికాలంలో మరీ జోరుగా. విమానం ఆ గాలిలో మునిగి ఎగురుతుంది కాబట్టి దాని వేగానికి గాలి వేగం కలుస్తుంది, ఎదురైతే తీసివేత అవుతుంది. రాకెట్ గాలి దాటిపోయింది కాబట్టి దానికా బాధ లేదు. సరిగ్గా ఎస్తేరు చార్టు మీద రాసిందే. ఫిజిక్స్ డిగ్రీ ఉన్న నాకు తెలియనిది తొమ్మిదో తరగతి పిల్ల టేబుల్ ఫ్యానుతో చూపిస్తే, నేను మైకులో తిట్టి పంపేశాను.

“ఆ రోజు బడిలో మీరూ ఉన్నారు కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అని సత్తిబాబు గారి మీద అరిచాను.

“మీరు మైకులో ఉన్నారు కదండీ” అన్నారాయన.

జాబితా వెళ్లిపోయిందండి

ఇక పై అధికారి సంగతి. మా కోఆర్డినేటర్ గారు చెడ్డ మనిషి కాదు. ఎవరి మీదా గొంతు పెంచరు, ఎవరినీ నొప్పించరు, ఏ నిర్ణయమూ మార్చరు. అమలాపురం ఆఫీసుకి వెళ్లి నేరుగా చెప్పాను. “తప్పు నాది. ఆ సీటు ఎస్తేరుది. మార్చండి.”

“జాబితా వెళ్లిపోయిందండి.”

“వెళ్లినదాన్ని వెనక్కి పిలవండి.”

“అగ్నిపర్వతం పిల్లాడికి చెప్పేశాం కదండీ. ఇప్పుడు తీసేస్తే ఏం బాగుంటది? పైగా జడ్జీ మాట మార్చితే సంస్థ పరువేమవుద్ది?”

పిల్లాడి సంగతి నిజమే. వాణ్ని తీసేయమని నేను మాత్రం ఎలా అంటాను? ఇంకో సీటు వెయ్యమన్నాను. బస్సులో సీట్లు లేవన్నారు.

“అయినా మేడం గారూ, ఆ అమ్మాయి అడిగిందాండీ?”

“లేదు.”

“వాళ్లమ్మ గారు?”

“లేదు.”

“మరి మీకెందుకండీ ఇదంతా?”

ఈ ప్రశ్న బాగా గుర్తుపెట్టుకోండి. ఈ ఉద్యోగంలో మిమ్మల్ని చాలాసార్లు అడుగుతారు. ఎంత మెత్తగా అడుగుతారంటే మీకే నిజమేననిపిస్తుంది. నేను కుర్చీ గట్టిగా వెనక్కి తోసి లేచాను, అది పడింది. దాన్ని మళ్లీ నేనే లేపి పెట్టాల్సి వచ్చింది. కోపం వచ్చినవాళ్లు చక్రాల్లేని కుర్చీలో కూర్చోకూడదని ఆ రోజు తెలిసింది.

బయటికొచ్చి జిల్లా సైన్స్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో నా తప్పు మొత్తం రాసి పెట్టాను. చార్టు కరెక్టు, జడ్జి తప్పు అని. కనీసం ఎవరైనా తిడతారనుకున్నాను. నలభై దండాలు వచ్చాయి. పాతిక పువ్వులు. “మంచి సందేశం మేడం” అని ముగ్గురు. కిందనే ఇంకొకరు శుభోదయం బొమ్మ పెట్టారు. నా పరువు పోవడానికి కూడా అక్కడ చోటు దొరకలేదు.

మేఘాలు కింద ఉంటాయండి

మర్నాడు బడికి వెళ్లాను. ఉదయం ప్రార్థన సమయంలో అదే మైకు అడిగి తీసుకుని, అదే పిల్లల ముందు చెప్పాను. ఎస్తేరు అంకెలు సరైనవి, వాళ్లమ్మ గారు చూసింది నిజం, నేను చెప్పింది తప్పు. హాలంతా ఆయ్ అంది. ఈసారి దానికేం అర్థమో నాకు తెలియదు.

తర్వాత వంటగది దగ్గరికి వెళ్లాను. మార్తమ్మ గారు కోడిగుడ్లు ఒలుస్తున్నారు. నాకు పీట వేశారు.

“అంత మంది ముందు ఎందుకండీ మేడం గారూ. తప్పులు అందరికీ వస్తాయి.”

“మీకు తెలుసు కదా, నేను చెప్పేది తప్పని.”

“ఆయ్.”

“మరి ఎందుకు ఒప్పుకున్నారు?”

ఆవిడ ఇంకో గుడ్డు అందుకున్నారు. “మీరెప్పుడూ ఇమానం ఎక్కలేదని నాకు అంతకుముందే తెలిసిందండీ. పోయినేడు గుడారంలో చెప్పేరు కదా, కిటికీలోంచి చూస్తే పైన మేఘాలు కనపడతాయని. మేఘాలు కింద ఉంటాయండి. అందరి ముందూ ఆ మాటంటే మీరు చిన్నబోతారని ఊరుకున్నాను.”

నేను ఆవిడ కూతుర్ని అందరి ముందూ చిన్నబుచ్చాను. ఆవిడ నన్ను కాపాడుతూ కూర్చున్నారు.

అప్పుడు ఆ అంకెలు రాసుకున్న పుస్తకం చూపించారు. చర్చిలో పాడే పాటల పుస్తకం. చివరి ఖాళీ పేజీల్లో పెన్సిలుతో అంకెలు, ఆరు ప్రయాణాలవి. ఎత్తు, వేగం, ఎత్తు, వేగం.

“ఇవన్నీ ఎందుకు రాసుకున్నారు?”

“భయానికండీ. మొదటిసారి ఎక్కినప్పుడు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ టీవీలో ఇంగ్లీషు రాదు, అరబ్బు రాదు. అంకెలొక్కటే వచ్చు. ఎత్తు పడే చోట అంకె తగ్గనంతసేపూ కింద పడట్లేదన్నమాట అనుకుని అదే చూస్తా కూర్చున్నాను. రాసుకుంటే ధైర్యంగా ఉండేది. వచ్చేటప్పుడు వేగం అంకె పెద్దదుంటే, ఇంటికి కదా, అదీ తొందరపడుతుందేమో అనుకున్నానండి. ఎస్తేరే చెప్పింది, కాదమ్మా, గాలీ అని.”

ఒక సీటు

బస్సులో నాకొక సీటు ఉంది. ఆడపిల్లలకి తోడుగా ఒక ఆడ మనిషి ఉండాలి కదా, అది నేను. నా సీటు ఎస్తేరుకి ఇచ్చేస్తానని కోఆర్డినేటర్ గారితో చెప్పాను.

“తోడుకి పెద్దావిడ ఉండాలండి. పిల్లకి ఇంకో పిల్ల తోడేంటండీ?”

మొదటిసారి ఆయన మాటలో న్యాయం కనిపించింది. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. వంటగది దగ్గరికి తిరిగి వెళ్లి తల్లీకూతుళ్లకి ఉన్నదున్నట్టు చెప్పాను. సీటు ఒకటే. అది పెద్దవాళ్లకే. మార్తమ్మ గారు వెళ్లొచ్చు, ఎస్తేరు వెళ్లకూడదు.

“పిల్ల ఆశపడితే నేనెళ్లడమేంటండీ” అన్నారావిడ వెంటనే.

నేనైతే ఆ వయసులో ఏడ్చి, తలుపు వేసుకుని, ఫోన్‌లో అందరికీ చెప్పుకునేదాన్ని. ఎస్తేరు మాత్రం పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. చెక్కి వాళ్లమ్మ చేతికిచ్చింది.

“నువ్వెళ్లమ్మా. నేనెళ్తే రాకెట్ చూసొస్తాను. నువ్వయితే అంకెలు రాసుకొస్తావు.”

తర్వాత నా వైపు తిరిగింది. “నాకు చూడాలనే ఉంది మేడం. అదేం మారలేదు.”

ఈ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ పిల్ల సీటు పోగొట్టడమే. దాన్ని సరిదిద్దానని ఎక్కడా అనను.

మార్తమ్మ గారు వెళ్లొచ్చారు. రాకెట్ లేచినప్పుడు బస్సులో వచ్చిన పిల్లలందరూ తలెత్తి చూశారట, ఫోన్లు ఎత్తారట. ఆవిడ ఒక్కసారి పైకి చూసి, ఆ తర్వాత అంకెలు పడే తెర వైపు తిరిగి నిలబడ్డారట. పాటల పుస్తకం చివరి పేజీలో ఇప్పుడు కొత్త వరస ఉంది. ఎత్తు, వేగం, ఎత్తు, వేగం.

“ఒకటి అడగొచ్చాండీ” అన్నారు పేజీ చూపిస్తూ. “మొదట్లో ఎత్తు గబగబా పెరిగిందండి. తర్వాత చూడండి, ఎత్తు అంతగా పెరగలేదు, వేగమే పెరిగిపోయింది. సెకనుకి ఏడున్నర కిలోమీటర్లు దాటేసింది. అది పైకెళ్లడం మానేసి పక్కకి తిరిగిపోయిందాండీ?”

అవును. తిరిగింది. అంతరిక్షంలో నిలబెట్టేది ఎత్తు కాదు. పక్కకి పరిగెత్తే ఆ వేగమే. ఊరికే పైకి విసిరితే ఎంత ఎత్తు వెళ్లినా కింద పడుతుంది. పక్కకి అంత వేగంతో వెళ్తే, పడుతూ పడుతూ భూమి చుట్టూ తిరుగుతుంది. ఇది నాకు అర్థం కావడానికి డిగ్రీలో మూడేళ్లు, వ్యాన్‌లో ఒక ఏడాది పట్టాయి. ఆవిడకి ఒక పేజీ పట్టింది.

మరుసటేడు ఎస్తేరు ఆ పేజీతో చార్టు వేసింది. జడ్జి నేను కాదు, నన్ను తీసేశారు. సీటు ఎవరికి వచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు, బేకింగ్ సోడా చవక. ఆ జడ్జితో గట్టిగా మాట్లాడినందుకు నా కాంట్రాక్టు పొడిగించలేదు. శాలువా కప్పేటప్పుడు కోఆర్డినేటర్ గారు, “మీలాంటివాళ్లు మళ్లీ దొరకరండీ” అన్నారు. ఆయన గొంతులో ఊరట స్పష్టంగా వినిపించింది.

వెళ్లే ముందు ఒక కాగితం ఇచ్చి వచ్చాను. గుడారంలో విమానం పాఠం ఇక మీదట మార్తమ్మ గారి చేత చెప్పించండని, ఎస్తేరుకి ఒక సీటు రాసిపెట్టండని. “చూద్దారండి” అన్నారు. అంటే లేదని. అర్హత చూడాలి కదా అన్నారు.

సరే, చూద్దాం. ఒకావిడ ఆ ఎత్తులో ఆరుసార్లు కూర్చుని, పడిపోతానేమోనన్న భయంతో ప్రతి అంకె చదివారు. రాకెట్ ముందు నిలబడి అందరూ ఆకాశం చూస్తుంటే తను లెక్క చూశారు. నేను మూడేళ్లు మేఘాల్ని తప్పు చోట పెట్టి మైకులో మాట్లాడాను. కొత్తగా తాళం తీసుకోబోయేవాళ్లారా, ఆ గుడారంలో మైకు మీ చేతిలో ఉండాలా, ఆవిడ చేతిలోనా? ఆవిడ చేతిలోనే అంటున్నాను నేను. దయచేసి ఆయ్ అనకండి. కాదనగలరా?